మగదూడలు ఏమవుతాయని సందర్శకులు అడిగితే?

ప్రశ్న: మా అమ్మాయి యానిమల్ సైన్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఆవులు, కోళ్లు పెంచుతూ, సందర్శకులు వచ్చి బస చేసేలా ఫామ్‌స్టే పెడతానంటోంది. జనం ఇప్పుడు జంతువుల బాగోగులు, పర్యావరణం పట్టించుకుంటున్నారు కాబట్టి బాగా నడుస్తుందట. మాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి గమనించింది నిజమే. కాకపోతే సర్వేలో అడిగితే పశువులను బాగా చూసుకునే ఫారం నుంచే కొంటామని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ధర చూశాక ఆ మాట మీద నిలబడేవాళ్లు అంతమంది ఉండరు. ఆదాయం లెక్కలు ఆ రెండోవాళ్లను చూసి వేసుకోవాలి.

అలాగని ఈ మార్పును తేలిగ్గా తీసుకోవద్దు. జనం పట్టుదల గట్టిదైతే అది చట్టమవుతుంది. యూరోపియన్ యూనియన్ 1999లో నిబంధన తెచ్చి, 2012 నుంచి గుడ్ల కోళ్లకు పాత తరహా ఇరుకు బోనులను నిషేధించింది. అక్కడ గుడ్డు మీద ముద్రించే మొదటి అంకె చూస్తే కోడిని ఎలా పెంచారో తెలిసిపోతుంది: 0 అంటే సేంద్రియ పద్ధతి, 3 అంటే బోను (పాత తరహాది కాదు, ఇప్పటికీ అనుమతి ఉన్న కాస్త విశాలమైనది). షెడ్డు ఒకసారి కడితే ఇరవయ్యేళ్లు వాడుకోవాలి. అందుకే ఈనాటి కనీస నిబంధనలకు సరిపోతే చాలనుకుని కట్టకూడదు.

టూరిజంలోనూ ఇదే వరస. బంధించిన అడవి జంతువులను తాకనిచ్చే చోట్లకు టికెట్లు అమ్మబోమని ట్రావెల్ వెబ్‌సైట్ ట్రిప్‌అడ్వైజర్ 2016లో ప్రకటించింది. పెంపుడు జంతువులకు మినహాయింపు ఇచ్చింది కానీ, వాటిని చూడవచ్చేవాళ్ల కళ్లు కూడా మారాయి. పిల్లవాడు కౌగిలించుకోబోతే దూడ వెనక్కి జరుగుతుంది. అది వెళ్లి నిలబడటానికి, చేతులు అందని మూల ఒకటి ఉందా లేదా? తల్లిదండ్రులు ఇప్పుడు అది చూస్తున్నారు. ఆ పక్కనే సబ్బు, నీళ్లు తప్పనిసరి. 2009లో ఇంగ్లండ్‌లో ఒక సందర్శక ఫారం నుంచి ఈ.కోలై సోకి 90 మందికి పైగా జబ్బుపడ్డారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. ఆరోగ్యంగా కనిపించే దూడ పేడలో కూడా ఆ సూక్ష్మజీవి ఉండొచ్చు.

పెట్టుబడి పెట్టేముందు ఆమెను ఒక ఏడాది వేరేవాళ్ల ఫారంలో జీతానికి పనిచేయమనండి. సందర్శకులు కిటకిటలాడే రోజులతోపాటు ఒక్కరూ రాని రోజులు కూడా చూడాలి. అర్ధరాత్రి ఆవు ఈనితే లేచి వెళ్లాలి. నిలబడ్డప్పుడు వీపు చదునుగా ఉండి, నడిచేటప్పుడు మాత్రం వంగే ఆవుకు కాలి నొప్పి మొదలైందని పట్టుకోగలగాలి. ఆ కన్ను ఉంటే జంతు సంక్షేమ ఆడిటర్‌గానో, ఫారం మేనేజర్‌గానో కూడా ఉద్యోగం దొరుకుతుంది.

ఇక సందర్శకులు తప్పకుండా అడిగే ప్రశ్న: పాలివ్వని మగదూడలు ఏమవుతాయి? పెంచితే మేత ఖర్చు, అమ్మితే అవి ఎక్కడికి వెళ్తాయో చెప్పాల్సి వస్తుంది. నేనైతే ఈ ఒక్క విషయంలో దాపరికం అస్సలు వద్దంటాను, నమ్మకం పోయేది ఇక్కడే. బిజినెస్ ప్లాన్‌లో దీనికి జవాబు రాసి చూపించమనండి. అది చదివాకే డబ్బు సంగతి మాట్లాడండి.