వెన్నుకు ఇచ్చేది మత్తేనా?

సందేహం: మా చెల్లెలికి సిజేరియన్ ముందు "నడుముకి మత్తు ఇస్తున్నాం" అన్నారు. తీరా చూస్తే తను మెలకువగానే ఉంది, డాక్టర్లతో మాట్లాడింది, బిడ్డ ఏడుపూ విన్నది. దీన్ని మత్తు అనవచ్చా? 'స్థానిక మత్తు', 'స్పర్శనాశకం', 'తిమ్మిరి మందు' – వీటిలో ఏది ఒప్పు? బిల్లులో ఉన్న మందు పేరును బుపివకెయిన్ అని రాయాలా, బుపివకైన్ అనా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మత్తు అన్నాక తెలివి మసకబారాలి. మత్తేభం, మత్తకోకిల చదువుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మీ చెల్లెలి తెలివి చెక్కుచెదరలేదు కాబట్టి మీ అనుమానం సబబే. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు తన సహాయకుడి వెన్నులోకి కొకెయిన్ ఎక్కించి, మోకాటి కింద ఎముక మీద సుత్తితో కొట్టి చూశాడు. అతను మెలకువగానే ఉన్నాడు, నొప్పి మాత్రం లేదన్నాడు. ఆ మనిషిని మత్తులో ఉన్నాడని ఎలా అంటాం?

'స్థానిక మత్తు' వింటే నాకు ఊరి సారా గుర్తొస్తుంది. లోకల్ అని కనిపిస్తే చాలు, స్థానిక అని అతికించెయ్యడం మన పత్రికలకు అలవాటైపోయింది. పైగా ఒకే పేజీలో "మత్తుమందు ముఠా అరెస్టు", ఆ పక్కనే "మత్తుమందు వికటించి రోగి మృతి". రెండూ ఒకే మందు అనుకుంటే పాఠకుడి తప్పా?

'స్పర్శనాశకం' గంభీరంగా ఉంది గానీ నిజం కాదు. సూది వేశాక డాక్టరు స్పిరిట్ దూది పొట్ట మీద ఆనించి "చల్లగా తెలుస్తోందా?" అని అడుగుతారు. ముందు పోయేది ఆ చల్లదనం, నొప్పి. తాకిడి ఆ తర్వాతే తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోదు కూడా. బిడ్డను తీస్తున్నప్పుడు లాగుతున్నట్టు అనిపించిందని మీ చెల్లెలు చెప్పే ఉంటుంది, అడిగి చూడండి. తిమ్మిరి అంటే చీమలు పాకినట్టుండే అవస్థ. మందు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఉంటుందేమో గానీ నడిమధ్య ఉండదు.

మరి ఏమనాలి? పన్ను పీకించుకున్న ఎవరినైనా అడగండి, "పెదవి మొద్దుబారింది" అంటారు. అచ్చమైన మాట అది. మొద్దు అంటే దుంగ. పదును లేని కత్తీ మొద్దే, చదువు ఎక్కని బుర్రా మొద్దే. నాకు మక్కువ మాత్రం ఆ 'బారు' మీద. ఇది పాఱు ధాతువు, ఏరు పారింది అనేటప్పటిదే. సమాసంలో పడి ఒకచోట వాఱు, ఇంకోచోట బాఱు అయింది. తెల్ల, పాఱు కలిస్తే తెల్లవారు. తెలుపు తూర్పున మొదలై ఆకాశమంతా పారడమే తెల్లవారడం! రోజూ పొద్దున్నే అనే మాటలో ఇంత బొమ్మ ఉందని ఎంతమందికి తోస్తుంది? నేల బీటలువారుతుంది, నెర్రెలుబారుతుంది. ఆకు పండుబారుతుంది, భయంతో మనిషి కొయ్యబారతాడు. మొదటి వాక్యంలో నేను రాసిన మసకబారడమూ ఈ కుదురులోదే. చాలావరకు వీటన్నిటిలో ఒకచోట మొదలై మెల్లగా పాకడం ఉంది.

వెన్నులో జరిగేదీ అదే. సిజేరియన్‌కు సాధారణంగా వాడే బుపివకెయిన్ 0.5 శాతం ఉంటుంది. అందులో మిల్లీలీటరుకు 80 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర కలుపుతారు. దాంతో మందు వెన్నునీటి కంటే బరువెక్కి పల్లానికి పారుతుంది. సీసా మీద 'హెవీ' అని ఉండేది అందుకే. రెండు మూడు మిల్లీలీటర్లకే ముందు కాళ్లు వెచ్చబడతాయి, ఆపైన బరువెక్కుతాయి, ఆ మొద్దుతనం రొమ్ము దాకా పాకుతుంది. నరాల్లోకి సోడియం చొరబడే దారులు మూసుకుపోవడంతో నొప్పి కబురు మెదడుకు చేరదు. ఇంత సంగతినీ మొద్దుబారడం అన్న ఒక్క మాట మోస్తుంటే స్పర్శనాశకాలు ఎందుకండీ?

కాబట్టి రాతలో 'మొద్దుబార్చే మందు' అనండి. 'మత్తు డాక్టరు' అన్న పేరు జనం నోట స్థిరపడిపోయింది, దాన్ని కదపమని నేను చెప్పను. నొప్పి తెలియని కాన్పు కోసం ఎపిడ్యూరల్‌లో, అంటే వెన్నునీటి దాకా పోకుండా దాని పొరకు బయటే మందు ఇచ్చే పద్ధతిలో, సన్నటి గొట్టం గుండా ఇదే మందును 0.1 శాతం దరిదాపుల్లోకి పలచన చేసి ఇస్తారు. అప్పుడు నొప్పి తగ్గుతుంది గానీ కాళ్లు చాలావరకు కదులుతాయి. అక్కడ మొద్దుబార్చడం అనాలన్నా కాస్త ఎక్కువే అవుతుంది, 'నొప్పి తగ్గించే మందు' అంటే సరిపోవచ్చు.

కెయిన్, కైన్ రెండూ వాడుకలో ఉన్నాయి. కొకెయిన్ నుంచి తెగివచ్చిన తోకే అది. కొకెయిన్ అని రాసేవారు బుపివకెయిన్ అనే రాస్తే మేలు.