పరాయి దేశాల ఆరోగ్యంతో మన సైన్యానికి ఏం పని?

ఈ ప్రశ్న కింద ఒకాయన "సైనికుడి పని సరిహద్దు కాయడం, ఆఫ్రికాలో సూదులు వేయడం కాదు" అని రాశారు. అది చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఆ సూదులు వేసినవాణ్ని నేనే. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి హవల్దారుగా దిగిపోయాను. ఊళ్లో ఇప్పటికీ "ఎంతమందిని కాల్చినవే?" అని అడుగుతారు. సెలైన్ సీసాలు, విరేచనాలు తప్ప నేను వేరే ఏదీ లెక్కపెట్టలేదని చెప్తే మొహం అదోలా పెడతారు.

2011లో కాంగో పంపారు. గోమా పట్నంలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన కోసం మన ఆర్మీ నడిపే హాస్పిటల్. నెత్తిన నీలి టోపీ, ఎదురుగా పొగలు కక్కే న్యిరగోంగో అగ్నిపర్వతం, కాళ్ల కింద 2002లో అది ఊరి మీద పారించిన లావా గడ్డకట్టిన నల్లరాయి. బూట్లు మూడు నెలలకే అరిగిపోయేవి. పక్కనే కివు సరస్సు. జనం ఆ నీళ్లనే పసుపు రంగు డబ్బాల్లో నింపుకుని, చుకుడు అనే చెక్కబండి మీద తోసుకుపోయేవారు.

ఆ హాస్పిటల్ ముఖ్యంగా శాంతిసేన వాళ్లకే. అయినా అప్పుడప్పుడు బయటి జనం కోసం క్యాంపు పెట్టేవాళ్లం. ఒకరోజు ఒకామె విరేచనాలతో ఒంట్లో నీళ్లు ఇంకిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చింది. రెండేళ్లుంటాయేమో. కళ్లు లోపలికి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే ఉండిపోతోంది. వాళ్ల మాట మాకు తర్జుమా చేసి చెప్పే కుర్రాడు ఆ సమయానికి ఎక్కడికో పోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని "దవా, దవా" అంది. కరీంనగర్‌లో మా అమ్మమ్మ మందుకు వాడే మాట అదే! స్వాహిలీలోనూ మందును దవా అనే అంటారట. ఒకే అరబ్బీ మాట వాళ్లకూ చేరింది, మన దవాఖానకూ చేరింది.

చెంచాతో ఓఆర్‌ఎస్ పోస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి బిడ్డ ఏడ్చాడు, అదీ కన్నీళ్లతో. ఇలాంటి పిల్లల కంట్లో నీళ్లు కనపడితే మాకు పండగే. తొమ్మిదో రోజు ఆమె మళ్లీ వచ్చింది. అదే బిడ్డ, అవే విరేచనాలు. మా మేజర్ సాబ్ అందరి ముందూ నన్ను తిట్టాడు: "వీళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో అడిగావా?" అడగలేదు.

తర్వాతి క్యాంపుకు హారక్స్ పెట్టె మోసుకెళ్లాను. నీళ్లను శుద్ధి చేయడానికి ఎంత బ్లీచింగ్ పౌడర్ కావాలో తేల్చడానికి హారక్స్ అనే బ్రిటిష్ ఆర్మీ డాక్టరు తయారుచేసిన పరీక్ష అది. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్లదాంట్లో రెండు గ్రాముల చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలపాలి. తెల్ల కప్పుల్లో పరీక్షించే నీళ్లు పోసి, ఆ ద్రావణం మొదటిదాంట్లో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా ఆరు దాకా వేయాలి. అరగంట ఆగి స్టార్చ్ అయొడైడ్ చుక్కలు వేస్తే, క్లోరిన్ మిగిలిన కప్పు నీలం తిరుగుతుంది. ఆ అరగంట ఆగడమే కష్టం. చుట్టూ మూగిన పిల్లలకు విసుగొచ్చి నా టోపీ లాక్కుని ఆడుకున్నారు. చుక్కలు వేశాక మాత్రం కప్పు కప్పుకూ "మోజా, ఎంబిలి, టాటు, న్నే" అని లెక్కపెడుతూ ఐదోది నీలం కాగానే "టానో!" అని ఒక్కసారిగా అరిచారు. ఐదో కప్పంటే 455 లీటర్లకు ఐదు చెంచాలు. రెండొందల లీటర్ల పెద్ద డ్రమ్ముకు రెండు చెంచాలు, పైన ఇంకొంచెం. ఆ బిడ్డ తల్లికి చెంచా ఇచ్చి నాలుగుసార్లు కొలిపించాను.

నా మటుకు ప్రపంచ ఆరోగ్యంలో సైన్యం పాత్ర అంటే నీళ్లు, పాయిఖానాలు. ఆపరేషన్లు ఆ తర్వాతే. కాదనేవాళ్లు హైతీని గుర్తుచేసుకోండి. వందేళ్లుగా కలరా జాడలేని ఆ దేశంలో 2010 అక్టోబరులో కలరా లేచింది. నేపాల్ నుంచి వచ్చిన శాంతిసేన క్యాంపు మురుగు నదిలో కలిసింది. పదివేల మంది దాకా పోయారు. ఐక్యరాజ్యసమితి క్షమాపణ చెప్పడానికి 2016 దాకా పట్టింది. ఆ వార్త తెలిసిన మా ఆఫీసర్లు గోమాలో లంగర్ (జవాన్ల వంటశాల) కన్నా ముందు సెప్టిక్ ట్యాంకు చూసి రమ్మనేవారు. చూసొచ్చి అన్నం తినాల్సింది నేను.

2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపానికి మన ఆర్మీ సంచార ఆసుపత్రి దళం '60 పారా ఫీల్డ్ హాస్పిటల్' 99 మందితో వెళ్లి, ఇస్కెందెరున్‌లో 30 పడకలు వేసింది. అక్కడి ఒకామె మన ఆఫీసరమ్మను ముద్దు పెట్టుకున్న ఫొటో అందరూ వాట్సాప్‌లో తిప్పారు. సంతోషమే. నా చూపు మాత్రం గుడారాల వెనక్కే పోయింది, పాయిఖానాలు ఎక్కడ పెట్టారా అని.

సరిహద్దు కాయడమే పనైతే రొనాల్డ్ రాస్‌ను ఏం చేయాలి? 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాయన ఇండియన్ మెడికల్ సర్వీస్ వాడు, అంటే ఫౌజీ డాక్టరే. హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చి మరీ దోమలను మేపాడు. ఆయన ఆ పని చేసిన బేగంపేట భవనం ఎక్కడుందో హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన మా అల్లుడికే తెలీదు. బిర్యానీ ఎక్కడ బాగుంటుందో గల్లీ నంబరుతో సహా చెప్తాడు.

ఆ ప్రశ్న కింద ఖర్చెవరిదని కూడా అడిగారు. శాంతిసేనకు పంపిన జవాన్లకు ఐక్యరాజ్యసమితి మన దేశానికి డబ్బు కడుతుంది. నేను ఇచ్చిన చెంచా ఖరీదు మాత్రం నాదే.

రిటైరయ్యాక మా ఊరి ట్యాంకు దగ్గరా ఇదే పరీక్ష చేశాను. నీళ్లు వదిలే అతను రోజూ రెండు దోసిళ్ల పౌడర్ పోసి చేతులు దులుపుకుంటాడు. తెల్ల టీకప్పులు ఆరు పెట్టి, ఆ పౌడరే కలిపి చుక్కలు వేస్తే ఒక్క కప్పూ నీలం కాలేదు. మూతి తెరిచి పెట్టిన బ్లీచింగ్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది. బస్తా ఎప్పటిదని అడిగితే, పోయినేడు బతుకమ్మకు తెచ్చిందన్నాడు.