పాస్‌వర్డ్ పెట్టలేదు, పరాయితనం అనుకున్నా

తమ్ముడూ, కొత్త దేశంలో హామ్ రేడియో (లైసెన్సుతో సరదాగా మాట్లాడుకునే రేడియో) చేతికొచ్చింది, పేరూ ఊరూ నింపే ప్రొఫైల్‌కి అంత హడావుడి ఎందుకు అంటున్నావు. నేనూ సరిగ్గా అదే అనుకున్నా. దాని ఫలితం మూడు వారాల మౌనం.

లైసెన్సు సంగతి నువ్వున్న దేశం రూల్స్‌లో చూసుకో. అక్కడి కాల్‌సైన్, అంటే గాల్లో మనల్ని గుర్తించే కోడ్, వచ్చాక, లైసెన్సు కాపీ అప్‌లోడ్ చేసి రేడియోఐడీ వెబ్‌సైట్‌లో కొత్త 7 అంకెల డీఎంఆర్ (డిజిటల్ రేడియో) ఐడీ తీసుకో. మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి, అందుకని పాత ఐడీతో నెట్టుకురావద్దు.

ఇక నా ఘనకార్యం. మన రేడియోని ఇంటర్నెట్‌కి కలిపే చిన్న పెట్టె హాట్‌స్పాట్. ప్రపంచంలోని ఈ రేడియోలని కలిపే నెట్‌వర్క్ బ్రాండ్‌మీస్టర్. దాని సైట్‌లో సెల్ఫ్‌కేర్ అనే సెట్టింగుల పేజీలో హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ పెట్టాలని, అదే హాట్‌స్పాట్‌లోనూ ఇవ్వాలని నాకు తెలియదు. రోజూ రాత్రి కాల్‌సైన్ చెప్పి పిలిచేవాణ్ణి. ఒక్కరూ పలికేవారు కాదు. నా యాస విని తప్పుకుంటున్నారని మనసు కష్టపెట్టుకున్నా. తీరా చూస్తే నా మాట గది దాటనే లేదు! కొత్త దేశంలో ఒంటరితనం ఇలాగే ఉంటుంది, ప్రతి సాంకేతిక లోపమూ మనల్ని కాదన్నట్టే అనిపిస్తుంది.

పాస్‌వర్డ్ కుదిరాక 9990కి ప్రైవేట్ కాల్ చేశా. అది చిలుక, మన మాట మనకే తిప్పి వినిపిస్తుంది. "బాగున్నావా?" అన్నాను. "బాగున్నావా?" అంది, నా గొంతుతోనే. ఆ గదిలో నన్ను తెలుగులో పలకరించిన మొదటి గొంతు అదే. నవ్వుకో, పర్లేదు.

ప్రొఫైల్‌లో పేరు దగ్గరా బోల్తా పడ్డా. పాస్‌పోర్టు చూసి ఇంటిపేరు ముందు రాసేశా. ఒక రాత్రి 91లో, అదే ప్రపంచమంతా కలిసే టాక్‌గ్రూప్‌లో (నంబరుతో ఉండే మాటల గదిలో), ఎవరో ఆ ఇంటిపేరుతో రెండుసార్లు పిలిచారు. నన్ను కాదనుకుని ఊరుకున్నా. వెళ్ళిపోయాడు. తర్వాత దిద్దాను గానీ, చాలామంది పేర్ల జాబితాని ముందే రేడియోలో ఎక్కించుకుని ఉంటారు. వాళ్ళు కొత్తది ఎక్కించుకునేదాకా నేను ఇంటిపేరుగానే మిగిలా. నిన్ను ఇంట్లో పిలిచే పేరే రాయి, పొట్టిగా.

చిరునామా మొత్తం పెట్టకు. ఊరు, మ్యాపులో సుమారు చోటు చెప్పే ఆరక్షరాల గ్రిడ్ లొకేటర్ కోడ్ చాలు.

అన్నీ అయ్యాక 91లో పిలువు. అక్కడ ఎక్కువసేపు కూర్చోకూడదు, దొరికినవాళ్ళతో వేరే టాక్‌గ్రూప్‌కి జరగాలి. ఎవరూ పలక్కపోతే ముందు హాట్‌స్పాట్ లైటు చూడు, నీ యాసని తర్వాత తిట్టుకుందువుగాని.