పరారుణమా, అవరక్తమా?

సందేహం: “ఉపగ్రహం అవరక్త సెన్సార్లతో హరిత వాయువులను ఫొటో తీస్తుంది” అని ఒక వ్యాసంలో చదివాను. బడిలో మేం నేర్చుకున్నది పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలని. ఏది సరైనదండీ? హరిత ఇంధనం మంచిదంటున్నారు కదా, మరి హరిత వాయువు చెడ్డదెలా అయింది?

సమాధానం: మీరు బడిలో నేర్చుకున్న మాటే వాడండి. అవరక్తం హిందీలో స్థిరపడిన మాట. ‘అవ’ అంటే కింద. ఈ కిరణాల పౌనఃపున్యం ఎరుపుకంటే తక్కువ కాబట్టి దానికీ అర్థం కుదురుతుంది. కాని రక్తం అనగానే తెలుగువారికి ముందు నెత్తురు గుర్తొస్తుంది, ఎరుపు ఆ తర్వాతే. అరుణం అంటే ఆ ఇబ్బంది లేదు, తెల్లవారుజాము తూర్పు దిక్కే కళ్లముందు మెదులుతుంది. పర, అరుణ కలిస్తే సవర్ణదీర్ఘసంధితో పరారుణ, అంటే ఎరుపుకు అవతలిది. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఎరుపు దాటాక ఏ రంగూ కనిపించని చోట థర్మామీటరు ఉంచాడు. వేడి అక్కడే ఎక్కువగా తేలింది. ఆ ‘అవతల’ను మన మాట ఎంత చక్కగా పట్టుకుందో చూడండి!

ఇక ‘హరిత వాయువులు’ తప్పు. హరితగృహం అంటే చలిదేశాల్లో మొక్కలు పెంచే అద్దాల ఇల్లు. లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వదు. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ భూమి వేడిని అలాగే పట్టి ఉంచుతాయి కనుక అవి హరితగృహ వాయువులు. ఇక్కడ ‘హరిత’ ఇంటికి విశేషణం, వాయువుకు కాదు. సమాసంలో నుంచి ‘గృహ’ తీసేస్తే అర్థం తారుమారై, మీకు కలిగిన సందేహమే కలుగుతుంది.

‘ఫొటో తీయడం’ కూడా నప్పదు. జపాన్ 2009లో ప్రయోగించిన ఇబుకి (ఆ భాషలో ఊపిరి అని అర్థం), నాసా 2014లో పంపిన ఓసీఓ-2 ఉపగ్రహాలు, నేలను తాకి తిరిగొచ్చే ఎండను పరీక్షిస్తాయి. 1.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొంత వెలుగును కార్బన్ డయాక్సైడ్ మింగేస్తుంది. వర్ణపటంలో అక్కడ సన్నటి నల్లగీతలు పడతాయి. అవి ఎంత ముదురుగా ఉన్నాయో చూసి, దారిలో ఎంత వాయువు ఉందో లెక్కగడతారు. కనిపించేది వాయువు కాదు, అది మింగిన వెలుగు తాలూకు లోటు.

కనుక ఆ వాక్యం ఇలా ఉండాలి: “ఉపగ్రహం పరారుణ సెన్సార్లతో హరితగృహ వాయువులను కొలుస్తుంది.”