తుంటి ఆపరేషన్‌కు ముందు తమ్ముడికి

తమ్ముడూ,

తుంటి కీలు మార్చాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి, ముందు నుంచి చేయించుకోవాలా, వెనక నుంచి చేయించుకోవాలా అని తల పట్టుకుని కూర్చున్నావట. మరదలు చెప్పింది. ఈ ఆపరేషన్ అయినవాళ్లను నడిపించడమే ఏళ్ల తరబడి నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

ఏ వైపు నుంచి వెళ్లినా లోపల చేసే పని ఒకటే. అరిగిన బంతిని తీసేసి కొత్త బంతి, గిన్నె అమరుస్తారు. తేడా అంతా కీలు దగ్గరికి వెళ్లే దారిలోనే. వెనక నుంచైతే పిరుదు కండను విడదీసి, దాని కింద కాలిని బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక నుంచి వేరుచేసి, చివర్లో మళ్లీ కుడతారు. అవి అతుక్కునేదాకా కీలు జారకుండా సాధారణంగా కొన్ని ఆంక్షలు పెడతారు: తుంటి దగ్గర 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. ముందు నుంచైతే కండరాల మధ్య సందులోంచి వెళ్తారు. మొదటి కొన్ని వారాలు నొప్పి కాస్త తక్కువగా ఉంటుంది, చేతికర్ర త్వరగా వదిలేస్తారు. కానీ తొడ బయటివైపు చర్మం మొద్దుబారడం ఇందులోనే ఎక్కువ. చేయి తిరగని సర్జనైతే తొడ ఎముక చిట్లే ప్రమాదమూ ఉంది. పొట్ట మడత గజ్జ మీదికి జారేవాళ్లకు గాయం మానడం కష్టం. పక్క నుంచి చేసేది ఇంకోటుంది. అందులో కీలు జారడం అరుదు, నడకలో కుంటు మిగలొచ్చు.

కొన్ని నెలలు గడిచాక ముందు నుంచి చేయించుకున్నవాళ్లనూ, వెనక నుంచి చేయించుకున్నవాళ్లనూ నడిపించి చూస్తే నాకు తేడా తెలిసేది కాదు. మచ్చ చూస్తే తప్ప చెప్పలేకపోయేదాన్ని. అందుకే సర్జన్‌ని "మీరు రోజూ చేసే పద్ధతి ఏది, ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడుగు. ఆయనకు అలవాటు లేని పద్ధతి కోసం పట్టుబట్టకు.

ఈలోపు షుగర్ అదుపులోకి తెచ్చుకో, పంటి నొప్పి ఉంటే ముందే చూపించుకో. సిగరెట్ సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆపరేషన్ రోజో మర్నాడో లేపి నిలబెడతారు. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. కర్రకు మారాక అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. మంచి కాలి వైపు చేత్తో పట్టుకుంటేనే కొత్త కీలు మీద భారం తగ్గుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా ఆపరేషన్ కాలూ ముందు.

మెట్ల దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఆంక్షలు మర్చిపోయేది కుర్చీలో కూర్చుని, కింద పడ్డ ఫోన్ కోసం వంగినప్పుడు. అది ఎవరో ఒకరు తీసిస్తారు, నువ్వు వంగకు. ఎత్తు కుర్చీ, కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు ముందే తెచ్చిపెట్టుకో.

రెండు మూడు వారాలకు నొప్పి తగ్గి హుషారొస్తుంది. అప్పుడే అతి చేస్తారు, సాయంత్రానికి కాలు వాస్తుంది. వాస్తే మర్నాడు నడక తగ్గించు, మానేయకు.

ఈ ముక్క మరదలితో కూడా చదివించు. పిక్క నొప్పి పుట్టి వాచినా, ఆయాసం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, జ్వరం తగిలినా, ఉన్నట్టుండి తుంటిలో విపరీతమైన నొప్పి వచ్చి కాలు పొట్టిగా కనిపించినా అర్ధరాత్రని చూడకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి.

మీ అక్క