యాప్ కంటే ముందు అక్షరం

తమ్ముడూ,

నీ త్రైమాసిక పత్రికను యాప్‌గా తెద్దామనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. చెన్నైలో కూర్చుని తెలుగు పత్రిక అచ్చు వేయించడం, చందాదారులకు పోస్టు చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. యాప్ సంగతి తర్వాత, ముందు అక్షరం సంగతి చూడు.

కొన్నేళ్ళ కిందట మా పత్రికకూ యాప్ చేయించాం. ప్రెస్సుకు పంపిన పీడీఎఫ్‌నే అందులో పెట్టేశాం. పెరంబూరులో ఉండే పాత చందాదారు ఒకాయన నా ఎదురుగానే ఫోనులో కథ తెరిచారు. పేజీకి రెండు కాలమ్‌లు. రెండు వేళ్ళతో పెద్దది చేశారు, లైను చివరిదాకా జరిపారు, మళ్ళీ వెనక్కి లాగారు. నాలుగో లైనుకల్లా ఫోను బల్ల మీద పెట్టేసి, "పుస్తకం ఉంటే ఇవ్వండి" అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

సైజు పెంచితే లైను దానంతట అదే కిందికి సర్దుకోవాలి. అలా జరగాలంటే పీడీఎఫ్ పనికిరాదు, యూనికోడ్ టెక్స్టు కావాలి, అంటే ఏ ఫోనైనా తెలుగు అక్షరాలుగానే గుర్తించే టెక్స్టు. మీ డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు వాడతాడు కదా. కంటికి కనిపించేది తెలుగే, ఫైల్లో ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అందులో 'అమ్మ' అని తెలుగులో వెతికినా దొరకదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి, వాడు. కానీ నమ్మి వదిలేయకు, ఒత్తులు ఎక్కడివక్కడ ఉండవు. అచ్చుకి చూసినంత శ్రద్ధగా మళ్ళీ ప్రూఫు చూడాలి. కథకో సాయంత్రం పడుతుంది, పట్టనీ. రచయితల దగ్గర డిజిటల్ అనుమతి కూడా ఇప్పుడే రాయించుకో.

ఖర్చు గురించి టెన్షన్ పడకు. గూగుల్ ప్లేలో డెవలపర్ అకౌంటుకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు, అది ఇప్పుడే వద్దు. గూగుల్‌లో కొత్తగా పర్సనల్ అకౌంటు తెరిస్తే, అందరికీ విడుదల చేసే ముందు 12 మంది వరసగా 14 రోజులు టెస్ట్ చేయాలి. మీ చందాదారుల్లోనే అడుగు, సంతోషంగా చేస్తారు.

అకౌంటు మాత్రం నీ పేరునే ఉండాలి. మా యాప్ తయారుచేసిన అబ్బాయి తన పేరున తెరిచాడు, తర్వాత ఊరు మారాడు. మా దగ్గర పాస్‌వర్డూ లేదు, యాప్ మాదేనని చూపే డిజిటల్ సంతకపు కీ ఫైలూ లేదు, ఇక అప్‌డేట్ చేసే దారే లేకపోయింది. ఆండ్రాయిడ్ మారేకొద్దీ యాప్‌ని అప్‌డేట్ చేస్తూ ఉండాలి, లేకపోతే కొత్త ఫోన్లవాళ్ళకి స్టోరులో కనిపించకుండా పోతుంది. మాది అలాగే పోయింది. 1924లో ఈ ఊళ్ళోనే పుట్టిన భారతి పత్రిక పాత సంచికలు ఇవాళ్టికీ చదువుకోగలుగుతున్నాం, మా యాప్‌లోని సంచికలు ఐదేళ్ళు కూడా ఉండలేదు. నీ దగ్గర శుభ్రమైన టెక్స్టు ఫైళ్ళుంటే, ఈ యాప్ పోయినా ఇంకోటి చేయించుకోవచ్చు.

ముందు మీ మొదటి సంచికలో ఒక్క కథని యూనికోడ్‌లోకి మార్చి నాకు పంపు. ఒత్తులు నేను చూసి పెడతాను.

మీ అన్నయ్య