పది కిలోల జీడిపప్పుతో మొదలుపెట్టనివ్వండి

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. తిత్లీ తుఫాను తరువాత మళ్లీ నాటుకున్న రెండెకరాల జీడితోట ఉంది. మా అబ్బాయికి 25 ఏళ్లు. బీకాం అయ్యాక మూడేళ్లు బ్యాంకు పరీక్షలు రాశాడు. ఇప్పుడు జీడిపప్పు ప్యాకింగ్ వ్యాపారం అంటాడు, ఏడాదైనా అడుగు పడలేదు. బంధువులు ఆరు లక్షలు పెట్టి టీ షాపు ఫ్రాంచైజీ తీసుకోమంటున్నారు. పదిమందిలో తలెత్తుకోలేకపోతున్నాను. మూడింటిలో ఏది మంచిది?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మూడింటినీ పోల్చమన్నారు. కానీ మీ ఉత్తరంలో కనిపించిన భయం వేరు. వీడు ఎందుకూ కొరగాకుండా ఇంట్లోనే ఉండిపోతాడేమోనని మీ బెంగ. ఉండిపోడు. బ్యాంకు క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల దాకా, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)కు 30 దాకా వయసు ఉంది. బీసీలకైతే ఇంకో మూడేళ్లు. ఏడాదిపాటు వ్యాపారం చేసి చూసినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

పెట్టుబడి లేక ఆగిపోయానని అబ్బాయి మీతో అని ఉంటాడు. నా దగ్గరకు వచ్చే పిల్లలందరూ మొదట చెప్పేది అదే. కాసేపు మాట్లాడిస్తే అసలు సంగతి బయటపడుతుంది. వాళ్లు ఎన్నడూ ఒక వస్తువు కొని అమ్మలేదు, బేరమాడలేదు, వంద రూపాయలు పోగొట్టుకుని ఇంటికి రాలేదు. మీ తోట జీడిపిక్కలు (పప్పు తీయని గింజలు) ఈ ఏడాది 80 కిలోల బస్తా ఎంతకు పోయిందో మీ అబ్బాయికి తెలుసా? తూకం దగ్గర ఒక్కసారైనా నిలబెట్టారా? ‘నీకెందుకివన్నీ, వెళ్లి చదువుకో’ అనే ఉంటారు. పాతికేళ్లు డబ్బు వ్యవహారానికి దూరంగా పెంచి, ఇప్పుడు ధైర్యం లేదని అతన్నే తప్పుపడితే ఎలా? తలెత్తుకోలేకపోతున్నానన్న మాట అతని ముందు అన్నారేమో, ఇకపై అనకండి. నష్టం వస్తుందని కాదు, వచ్చాక ఆ మాట మళ్లీ వినాల్సి వస్తుందని పిల్లలు వెనకాడతారు.

నిజానికి మీ ఇంట్లో ధైర్యానికి కొదవ లేదు. 2018 అక్టోబరులో తుఫానుకు ఉద్దానమంతా కొబ్బరి, జీడి చెట్లు కూలిపోతే, ఆ నేలలోనే మళ్లీ మొక్క నాటి కాపు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నారు. అప్పుడు ఎంత అప్పు చేశారో, ఎలా తీర్చారో అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పండి. అతనికి ఏ శిక్షణ తరగతిలోనూ ఇది దొరకదు.

ఫ్రాంచైజీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. పేరు వాడుకోవడానికి కట్టే రుసుము చాలా ఒప్పందాల్లో తిరిగి రాదు. సరుకు వాళ్ల దగ్గరే కొనాలి, ధర వాళ్లు చెప్పిందే, అద్దె మాత్రం మీరు కట్టాలి. పక్క వీధిలో మరొకరికి అదే బోర్డు ఇవ్వబోమని కాగితం మీద రాసిస్తారా? అడిగి చూడండి. జంకే కుర్రవాడికి ఇది భద్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే నిర్ణయాలన్నీ ఎవరో తీసుకుంటారు. నా అభ్యంతరం సరిగ్గా దానిమీదే. రెండేళ్ల తరువాత షాపు మూసినా అతను కొనడం, అమ్మడం నేర్చుకుని ఉండడు. ఆరు లక్షలు తోట మీద తెచ్చేటట్లయితే అసలే వద్దు.

జీడిపప్పుకు ఇప్పుడే పరిశ్రమ పెట్టనక్కరలేదు. పలాస పక్కనే కాశీబుగ్గలో పది కిలోల పప్పు కొనమనండి, అటూ ఇటూగా పది వేలవుతుంది. గుండు, బద్ద, ముక్క వేరుచేయడం రావాలి. 320 నంబరంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగేదని, 240 అంతకన్నా పెద్ద గింజని చూడగానే చెప్పగలగాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకుని, పావుకిలో ప్యాకెట్లు కట్టి శ్రీకాకుళంలో, విజయనగరంలో తిరిగి అమ్మనివ్వండి. రెండు వేలు పోతే లెక్క అడగండి, నింద వేయకండి.

సరుకు మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు ఏర్పడ్డాకే అప్పు సంగతి. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రాలో 50,000 రూపాయల దాకా ‘శిశు’ అనే రుణం హామీ లేకుండా ఇస్తారు. స్వయం ఉపాధికి సబ్సిడీతో అప్పిప్పించే మరో కేంద్ర పథకం పీఎంఈజీపీలో సబ్సిడీ ఎక్కువే కానీ, ఆ సొమ్ము చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తరువాత అప్పుకు జమ అవుతుంది. దాన్ని చూసి వ్యాపారంలోకి దిగవద్దు.

వచ్చే కాపుకు పిక్కలు అమ్మే రోజున తూకం దగ్గరకు అబ్బాయినే పంపండి. మీరు ఇంటి దగ్గరే ఉండిపోండి.